దారుమయీ ప్రతిమ : గృహభిత్తిపై నిలుచు వృక్షము



గత మాఘమాసమున మా పట్టణమందొక గృహప్రవేశమునకు ఋత్విక్కుగా పోయితిని. వాస్తుహోమము, సత్యనారాయణవ్రతము ముగిసి, భోజనములైన పిమ్మట గృహయజమాని నన్ను నడిమిగదిలోనికి తోడ్కొనిపోయి తూర్పుముఖముగా ఉన్న ఖాళీగోడను చూపినాడు. తరువాత తన ఫోనులోనున్న ఒక ఛాయాచిత్రమును చూపినాడు. అది ఏదో దేవాలయరథము నుండి ఊడదీసిన పాత దారుఫలకము. నరసింహస్వామి హిరణ్యకశిపుని తొడలపై నిడుకొని చీల్చుచున్న దృశ్యమందున్నది. ఒక మూల పగిలియున్నది. ఏండ్ల తరబడి పట్టిన నూనెమడ్డి స్వామి ముఖముపై నల్లగా పేరుకొనియున్నది.

“స్వామీ, పాత సామాన్లు అమ్మేవాళ్ల దగ్గర ఉంది. రెండువందల ఏళ్లనాటిదట. ఈ గోడకు సరిగ్గా సరిపోతుంది. పెట్టుకోవచ్చా? దోషమేమైనా ఉందా?” అని అడిగినాడు.

నేను వెంటనే సమాధానము చెప్పలేకపోయితిని. “నాయనా, ఒక నెల గడువియ్యి. ఆలోచించి చెబుతాను” అని మాత్రమంటిని.

చెప్పలేకపోవుటకు కారణము శాస్త్రము తెలియకపోవుట కాదు. నాకు ఇరువదేండ్ల ప్రాయమున, వేదపాఠశాల నుండి తిరిగివచ్చి ఒక ఆలయమున సహాయార్చకుడనుగా చేరిన తొలి దినములలో, అచ్చటి పాతరథమును విప్పివేసినారు. కొత్తరథము వచ్చినది. పాతరథపు చెక్కలు ప్రాకారము ప్రక్కన రెండు వర్షాకాలములు తడిసి, చివరకు తూకమునకు వంటచెరకుగా పోయినవి. వానిలో దశావతార ఫలకములుండెను, గజసింహములుండెను, చామరములు పట్టిన స్త్రీమూర్తులుండెను. కొన్నింటిని ఎవరెవరో పట్టుకొనిపోయినారు. నేను చూచితిని. పలుకలేదు. అడుగవలసినవాడను, అడుగలేదు. ముప్పది యేండ్ల తరువాత ఒక గృహస్థుని ఫోనులో ఆ మౌనమే తిరిగివచ్చి నా యెదుట నిలిచినది.

గృహభిత్తిపై దారుశిల్పమును నిలుపుకొనవచ్చునా, నిలుపుకొన్నచో ఏది, ఎట్లు, ఎవరిచేత అను ఆ ప్రశ్నకు నేను నెలదినములు వెదకి చెప్పిన సమాధానమే ఈ వ్యాసము.

వేదమునందు వృక్షము, తక్షకుడు

దారుశిల్పచరిత్రను చాలమంది విగ్రహముతో మొదలుపెట్టుదురు. మనము గొడ్డలితో మొదలుపెట్టవలెను. ఏలనన, చెట్టును నరుకుట హింస అను స్పృహ మన వాఙ్మయమున విగ్రహారాధనకంటె ముందే కలదు.

తైత్తిరీయశాఖీయులమైన మనకు యూపచ్ఛేదన ప్రకరణము పరిచితమే. యజ్ఞయూపమునకై అధ్వర్యువు వృక్షమును సమీపించి, గొడ్డలి తగులుచోట దర్భను అడ్డముంచి, ఆ ఓషధిని వృక్షరక్షణకై ప్రార్థించును, గొడ్డలిని హింసింపవద్దని వేడుకొనును. నరికిన పిదప మిగిలిన మోడుపై ఆజ్యముతో హోమము చేసి, నూరు కొమ్మలతో మరల మొలకెత్తుమని ఆశంసించును. నరుకువాడే క్షమ కోరుచున్నాడు, నరుకువాడే పునర్జన్మను కోరుచున్నాడు. ఇది కేవలము కవిత్వము కాదు, విధి. తరువాతి కాలమున ప్రతిమకై చెట్టును తెచ్చుటకు శాస్త్రకారులు చెప్పిన నియమములన్నియు ఈ యూపవిధికి సంతానమే.

ఋగ్వేద దశమమండలములోని విశ్వకర్మసూక్తమున ఋషి ఒక విచిత్రమైన ప్రశ్న వేసినాడు. ద్యావాపృథివులను చెక్కుటకు ఆ దేవశిల్పి దారువును ఏ వనము నుండి, ఏ వృక్షము నుండి తెచ్చెను అని. జగత్తును ఆయన వడ్రంగిపనిగా చూచినాడు. చెక్కువానికి చెక్క కావలెను గదా! తైత్తిరీయబ్రాహ్మణము ఈ ప్రశ్నకు సమాధానమిచ్చుచు, బ్రహ్మమే ఆ వనము, బ్రహ్మమే ఆ వృక్షము అన్నది. నిమిత్తకారణము, ఉపాదానకారణము ఒక్కటే అను వేదాంతసిద్ధాంతమునకు ఇంతకంటె చక్కని దృష్టాంతము దొరకదు.

ఇక తక్షకుని స్థానమెట్టిది? రథకారుడు వర్షర్తువునందు అగ్న్యాధానము చేయవలెనని శ్రుతి. ఈ రథకారుడెవ్వడను విషయమై పూర్వమీమాంస ఆరవ అధ్యాయమున ఒక అధికరణమే కలదు. రథము చేయు త్రైవర్ణికుడా, లేక ఆ పేరుగల ప్రత్యేకజాతివాడా అని విచారించి, యోగార్థముకంటె రూఢ్యర్థమే బలీయమని, అతడు ప్రత్యేకజాతివాడేయని, అయినను ఈ శ్రుతివలన అతనికి ఆధానాధికారము కలదని నిర్ణయించినారు. మీమాంస చదువుకొనువారు దీనిని రూఢికి ఉదాహరణముగా చదివి ముందుకు పోవుదురు. నేనును అట్లే చదివితిని. కాని ఉలి పట్టిన చేతికి శ్రుతి స్వయముగా అగ్నిని ఒప్పగించినదన్న సంగతి ఇన్నేండ్లకు గాని నా మనస్సునకు పట్టలేదు.

దారువు నుండి శిలకు

మన దేశమున శిలాలయములకు పూర్వము దార్వాలయములుండెను. అవి నిలువలేదు, వాని నీడ మాత్రము రాతిపై నిలిచినది. ఏలూరు జిల్లా గుంటుపల్లికి పోయినవారు అచ్చటి వర్తులాకార చైత్యగుహలో తలయెత్తి చూడవలెను. క్రీస్తుకు పూర్వమునాటి ఆ గుహ పైకప్పున, పూరింటి కప్పులోని వాసములవలె, రాతిలో పట్టెలు చెక్కబడియున్నవి. రాతికి వాసములతో పనిలేదు. గుహ తనంతట తానే నిలుచును. అయినను శిల్పి వానిని చెక్కినాడు. ఏలనన, అతని కంటికి మందిరమనగా కొయ్యతో కట్టినదే. మహారాష్ట్రములోని కార్లే చైత్యమందైతే సుమారు 2000 సంవత్సరములనాటి నిజమైన కొయ్యపట్టెలే శిలాకప్పునకు నేటికిని అంటియున్నవి.

ఇంకొక సాక్ష్యము తమిళదేశములోని మండగప్పట్టు శాసనము. 7వ శతాబ్ది తొలిపాదమున పల్లవ మహేంద్రవర్మ అచ్చట త్రిమూర్తులకు గుహాలయమును తొలిపించి, ఇటుక, కొయ్య, లోహము, సున్నము లేకుండ దీనిని నిర్మించితినని చెప్పుకొన్నాడు. లేనివానిని పేర్కొని గర్వించినాడనగా, అంతవరకు అవి లేనిదే ఆలయము లేదని అర్థము. అతడు విచిత్రచిత్తుడను బిరుదమునకు తగినవాడే.

ఒక ద్రవ్యమునందు అలవడిన చేయి మరియొక ద్రవ్యమునకు పోవుట శిల్పచరిత్రలో తరచుగా కనబడును. సాంచీ దక్షిణతోరణముపై విదిశానగరపు దంతకారులు చెక్కిన పని యని వ్రాయబడియున్నది. ఏనుగుదంతముపై పనిచేసిన ఉలియే రాతిపై నడచినది. కావున శిలాశిల్పమును చూచి ముగ్ధులమగునపుడు, మట్టిలో కలిసిపోయిన దారుశిల్పులకును మనము ఋణపడియున్నామని తలచుకొనవలెను.

వనసంప్రవేశము

6వ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో ప్రతిమకై అడవికి పోవు విధిని వనసంప్రవేశమను ప్రత్యేకాధ్యాయమున చెప్పినాడు. మొదట వర్జ్యవృక్షములు. శ్మశానమందు, మార్గమందు, ఆలయమందు, పుట్టపైన, ఉద్యానమందు, ఆశ్రమమందు, నదీసంగమమందు పుట్టినవి పనికిరావు. మనుష్యులు కుండలతో నీరు పోసి పెంచినవి పనికిరావు. వంగినవి, తీగలు చుట్టి బిగించినవి, పిడుగు పడినవి, ఏనుగు విరిచినవి, ఎండినవి, కాలినవి, తేనెపట్టు గలవి పనికిరావు. ఈ పట్టికను కొందరు మూఢవిశ్వాసమందురు. నిదానించి చూడుడు. సగము నియమములు కొయ్య దృఢత్వమునకు సంబంధించినవి. మిగిలిన సగము ఒకరు ఆశ్రయించిన చెట్టును, ఒకరు ప్రేమతో పెంచిన చెట్టును తాకవద్దన్న కరుణకు సంబంధించినవి.

గ్రాహ్యములలో దేవదారువు, చందనము, శమి, ఇప్ప, చండ్ర, మారేడు, మద్ది, మామిడి, సాలము మొదలైనవి కలవు. ఆచార్యుడు వీనిని వర్ణానుసారముగా విభజించినాడు. నేటి గృహస్థునకు ఆ విభజనకంటె తరువాతి విధి ముఖ్యము. చెట్టును ఎన్నుకొని, రాత్రివేళ దానికి బలిపూజ చేసి, దానిపై నివసించు భూతములను ప్రార్థించి, ఈ పూజను గ్రహించి వేరొక నివాసమునకు తరలిపొండని వేడుకొనవలెను. మరునాటి ఉదయమున తేనెయు నేయియు పూసిన గొడ్డలితో ఈశాన్యమున మొదలిడి ప్రదక్షిణముగా నరుకవలెను. తూర్పునకు గాని, ఈశాన్యమునకు గాని, ఉత్తరమునకు గాని పడినచో శుభము.

ఇందు ఒక నియమము నన్ను ఎక్కువగా ఆకర్షించినది. నరుకుటకు ముందే చెట్టునకు దిక్కులను, పైభాగమును, క్రిందిభాగమును గుర్తించి చిహ్నము వేయవలెను. ఏలనన ప్రతిమ ఆ చెట్టు నిలిచినట్లే నిలువవలెను. పైది పైకే, క్రిందిది క్రిందికే. చెట్టు చచ్చి ప్రతిమ యగుట లేదు; చెట్టే ప్రతిమగా నిలుచుచున్నది. ఈ సంగతిని మరల ప్రస్తావింతును.

ఈ విధి నేటికిని సజీవముగా ఉన్నది పురుషోత్తమక్షేత్రమున. అధిక ఆషాఢము వచ్చిన కొన్ని సంవత్సరములలో పూరీజగన్నాథునకు నవకళేబరోత్సవము జరుగును. లక్షణములు గల వేపవృక్షములను వెదకి తెచ్చి నూతనమూర్తులను చెక్కుదురు. గత శతాబ్దిలో 1912, 1931, 1950, 1969, 1977, 1996 సంవత్సరములలోను, ఈ శతాబ్దిలో 2015లోను ఇది జరిగినది. పాతమూర్తులను కోయిలివైకుంఠమున భూమిలో నిక్షేపింతురు. దైతాపతులు జ్ఞాతుల మరణమున పాటించినట్లు అశౌచము పాటింతురు. కొయ్య క్షయించునని తెలిసియే అచ్చట కొయ్యను ఎన్నుకొన్నారు. దేహి నిత్యుడు, దేహము అనిత్యము అను గీతోపదేశమును రథవీథిలో పామరునకును అర్థమగునట్లు చూపుట అది.

కాంచీపురమున అత్తివరదస్వామి మేడికొయ్య మూర్తి. అనంతసరస్సున జలవాసముననుండి 40 సంవత్సరములకొకమారు వెలుపలికి విచ్చేయును. 1979 తరువాత 2019 జులై 1 మొదలు ఆగస్టు 17 వరకు 48 దినములు దర్శనమిచ్చినాడు. కొయ్య నిలువదనుకొన్నవారికి నీట నిలిచిన కొయ్య అదియొక సమాధానము.

గృహమందు దారుశిల్పము

గోడకు తగిలించు శిల్పము నేటి వేడుక యని చాలమంది తలంపు. పేరు కొత్తది గాని వస్తువు పాతదే. శిల్పశాస్త్రములు మూర్తిని మూడు విధములుగా చెప్పినవి. అన్నివైపుల నుండి కనబడునది చిత్రము, ఫలకముపై సగము ఉబ్బెత్తుగా నిలిచినది అర్ధచిత్రము, వర్ణములతో వ్రాసినది చిత్రాభాసము. మన గృహస్థుడు కోరినది అర్ధచిత్రము.

మన పాతయిండ్లలో అర్ధచిత్రము ఉండుచోటు ద్వారబంధము. పై పట్టెపై నడుమ గజలక్ష్మి, ఇరుప్రక్కల చిలుకలు, పద్మములు, లతలు. మండువాలోని స్తంభములకు బోదెలపై పూలచెక్కడము. ఇల్లాలు నిత్యము గడపకు పసుపు పూయునపుడు ఆ లక్ష్మికి నమస్కరించినది గాని, ఆమెకు వేరుగా షోడశోపచారపూజ చేయలేదు. శిల్పము ఇంటి అవయవముగా ఉండెను. ఆ యిండ్లు పడిపోయినవి, ద్వారబంధములు ఊడదీయబడి విపణికి చేరినవి. ఇప్పుడు మనము ఖాళీగోడపై దేనినో వెదకుచున్నాము. మనము పోగొట్టుకొన్న గుమ్మమునే గోడపై వెదకుచున్నామని నాకు తోచును.

పూజ్యమా, అలంకారమా

ఇక ప్రశ్నకు వత్తును. భాగవతము ఏకాదశస్కంధమున ప్రతిమలు ఎనిమిది విధములుగా చెప్పబడినవి. శిల తరువాత రెండవది దారువే. కావున దారుప్రతిమ పూజార్హమనుటలో సందేహము లేదు. వరాహమిహిరుడు దారుమయప్రతిమ ఆయువును, శ్రీని, బలమును, జయమును ఇచ్చునన్నాడు. అయితే మత్స్యపురాణము ఒక హద్దు పెట్టినది. గృహమున పూజించు ప్రతిమ బొటనవ్రేలి కణుపు మొదలు జానెడు వరకే ఉండవలెను. అంతకు మించినది ప్రశస్తము కాదు. పెద్దమూర్తికి పెద్ద నియమము, నిత్యనైవేద్యము, ఉత్సవము కావలెను. గృహస్థుడు ఊరికి పోవును, ఇంటికి తాళము వేయును. ఆ అశక్తిని ఎరిగియే ఋషి ఈ హద్దు పెట్టినాడు.

కావున మూడడుగుల భిత్తిశిల్పము పూజాప్రతిమ కాదు, కాకూడదు. దానికి ప్రాణప్రతిష్ఠ లేదు, కావున నిత్యార్చన లోపించిన దోషమును లేదు. అది మంగళాలంకారము. అయినను భగవద్రూపము గనుక దానిపై చొక్కా తగిలింపరాదు, దానివైపు కాళ్లు చాపరాదు, పానశాలగా మారు గదిలో దానిని నిలుపరాదు.

ఇంటిలో ఏ దృశ్యము నిలుపవలెనో విష్ణుధర్మోత్తరపురాణములోని చిత్రసూత్రము చెప్పినది. శృంగార, హాస్య, శాంతరసములు మాత్రమే గృహమున తగును. సర్వరసములు దేవాలయమునకు, రాజసభకు చెందినవి. యుద్ధము, మరణము, శ్మశానము ఇంటిగోడపై వద్దు. ఉగ్రనరసింహుడు ఆలయస్తంభముపై ధర్మరక్షకుడు. కూడు తిను గదిలో, పసివారు నిదురించు చోట ఆ దృశ్యము తగదు. అదే స్వామిని యోగాసనమందు, లక్ష్మీసమేతుడుగా నిలుపుట తగును. ఇదే గ్రంథము ఇంకొక ముచ్చటైన మాట చెప్పినది. స్వగృహమున తానే చిత్రకర్మ చేసికొనరాదట. అనగా శిల్పిని పిలువుమని, అతనికి పని కల్పింపుమని శాస్త్రమే చెప్పుచున్నది.

ఇక పాతరథఫలకము. అగ్నిపురాణము జీర్ణోద్ధారవిధిలో, జీర్ణించిన దారుమూర్తిని అగ్నియందు సమర్పించుమని, శిలామూర్తిని జలమున విడువుమని చెప్పినది. అమ్ముమని ఎచ్చటను చెప్పలేదు. రథఫలకము మూలమూర్తి కాకపోవచ్చును. కాని స్వామి ఎక్కి ఊరేగిన రథమున అది అంగము, దేవస్వము. దేవస్వమును మూల్యమునకు కొనువాడు, అది ఎట్లు దేవుని చేయి జారినదని అడుగవలెను గదా! లౌకికశాసనమును కలదు. 1972 నాటి పురావస్తు చట్టము ప్రకారము నూరేండ్లు దాటిన శిల్పము పురావస్తువు. దానిని అమ్మువానికి అనుమతిపత్రముండవలెను, ప్రైవేటు వ్యక్తులు దానిని దేశము దాటించుట నిషిద్ధము. రెండువందల యేండ్లనాటిదని అమ్మువాడు చెప్పినది నిజమైనచో చట్టము వర్తించును, అబద్ధమైనచో వాడు మోసగాడు. రెండు విధముల కొనదగినది కాదు.

నెల గడిచిన పిమ్మట గృహస్థునకు ఇది యంతయు చెప్పితిని. నా యౌవనమునాటి మౌనమును గూడ దాచకుండ చెప్పితిని. అతడు కొంతసేపు ఊరకుండి, “అయితే కొత్తది చెక్కిద్దాం స్వామీ. కానీ మీరు నాతో రావాలి” అన్నాడు.

శిల్పి యొద్ద

ఆంధ్రదేశమున కొయ్యపనికి పేరుగల ఊళ్లు పెక్కు కలవు. కొండపల్లిలో తేలికైన తెల్లపొణికితో బొమ్మలు చేయుదురు. ఏటికొప్పాకలో అంకుడుకొయ్యను తరిణెపై తిప్పి లక్కరంగులు పూయుదురు. ఇవి భిత్తిశిల్పమునకు వేరైన విద్యలు. శ్రీకాళహస్తికి సమీపమున ఏర్పేడు మండలములోని మాధవమాల, ఉలితో దేవతామూర్తులను చెక్కుటకు ప్రసిద్ధము. మేము పోయినది పేరుమోసిన చోటునకు కాదు. మా ప్రాంతముననే ఆలయవాహనములు చేయు ఒక విశ్వబ్రాహ్మణ శిల్పి యొద్దకు.

గృహస్థుడు ఎర్రచందనము కోరినాడు. శిల్పి చేతులు జోడించినాడు. ఎర్రచందనము శేషాచలాది దక్షిణ తూర్పుకనుమలలో తప్ప ప్రపంచమున మరెచ్చటను సహజముగా పెరుగదు. దొంగనరుకుడువలన క్షీణించుచున్న వృక్షమది. ప్రభుత్వపు వేలమున కొన్నట్లు పత్రము లేని చెక్కను తాకుటయే నేరము. వనసంప్రవేశవిధి ప్రకారము చూచినను, దొంగ గొడ్డలికి తేనె పూసినవారెవరు? కావున టేకు నిర్ణయమైనది. ఒక పాతయింటి దూలము ఎండి, చేవదేరి, శిల్పి యొద్ద సిద్ధముగా ఉండెను. పచ్చిచెక్కపై చెక్కినచో ఏడాది తిరుగకుండ పగులును, వంగును. బెరడునకు ఆనుకొన్న తెల్లని చెక్కకు పురుగు పట్టును. చేవ మాత్రమే నిలుచును. క్రొత్తగా చెట్టు కూలనవసరము లేకపోయినదని నాకు సంతోషము కలిగినది.

విషయము వేణుగోపాలుడు. వృక్షము క్రింద త్రిభంగిగా నిలిచిన స్వామి, పాదములచెంత గోవులు, శాంతరసము. శిల్పి మూర్తికి నవతాళమానము తీసికొన్నాడు. నవతాళమనగా 108 అంగుళములు. మూర్తి యెత్తు మూడడుగులనగా 36 ఇంచులు. దానిని 108చే భాగించగా ఒక్క దేహాంగుళము ఇంచులో మూడవవంతు. ముఖము 12 అంగుళములు గనుక నాలుగించులు. ఈ లెక్క అతడు కాగితముపై వేయలేదు; ఒక వెదురుపుల్లను తొమ్మిది సమభాగములుగా గుర్తించి దానితోనే కొలిచినాడు.

యంత్రముతో చెక్కిన ఫలకములు ఇప్పుడు చేతిపని పేరున అమ్ముడగుచున్నవి. అతడే భేదము చూపినాడు. తిరుగు ములికి లోపలి మూలలను గుండ్రముగా విడుచును. ఉలి మూలలను పదునుగా తీయును. యంత్రమున రెండు ఆకులు ఒక్కటిగనే ఉండును, చేతిపనిలో ఏ రెండాకులును ఒక్కటిగా ఉండవు. యంత్రఫలకమును యంత్రఫలకమని చెప్పి అమ్మినచో తప్పులేదు. చేతిపని యని చెప్పి అమ్మినచో అది శిల్పి అన్నమును దొంగిలించుటయే.

చిక్కు ఒకటి వచ్చినది. దూలమును కోసి ఫలకము అమర్చగా, స్వామి ముఖము వచ్చుచోట ఒక పెద్దముడి కనబడినది. ముడిపై ఉలి సరిగా సాగదు, ముఖము పగులవచ్చును. గృహస్థుడు తేలికగా అన్నాడు: “చెక్కను తలకిందులు చెయ్యండి. ముడి కిందికి పోతుంది, గోవుల మధ్య కలిసిపోతుంది.”

శిల్పి తలయడ్డముగా ఊపి, “లేదండయ్యా. ఇది మొదలు, ఇది కొస. చెట్టు తలకిందులుగా నిలబడదు కదా. దేవుణ్ణెట్లా నిలబెట్టేది?” అన్నాడు.

అతడు బృహత్సంహితను చదివినవాడు కాడు. వరాహమిహిరుని పేరు తెలియదు. చెట్టు ఇంటిదూలమై నూరేండ్లు మోసి, దించబడి, కోయబడి పలకయైన తరువాతను, అతని కంటికి దాని మొదలు మొదలే, కొస కొసయే. నేను పుస్తకమున చదివి ఆనందించిన నియమమును అతడు తన తండ్రిచేతి నుండి పొంది, లాభము వదలుకొనియైనను పాటించుచున్నాడు. ఆ క్షణమున ఎవరు పండితుడో నాకు తెలిసినది. అతడు మూర్తిని నాలుగు అంగుళములు కుడికి జరిపి, ముడిని వృక్షకాండమున తొఱ్ఱగా మలచినాడు. తొఱ్ఱలో ఒక చిలుకను కూర్చుండబెట్టినాడు. పదునైదు దినముల పని అధికమైనది.

గృహస్థుడు మొదట ఆ పదునైదు దినముల కూలికి సంశయించినాడు. ఆగమములు శిల్పిని వస్త్రాదులతో సత్కరించి సంతృప్తుని చేయుమన్నవని, అతృప్తుడైన శిల్పి చేసిన మూర్తి తృప్తినీయదని చెప్పితిని. బేరము ముందే ఆడవలెను. ఉలి కొయ్యను తాకిన తరువాత ఆడరాదు. అతడు వైశాఖమున పూర్తి ద్రవ్యమును, పంచెల చాపును తాంబూలముతో ఇచ్చినాడు.

నేత్రములు

ఆలయప్రతిమకు నయనోన్మీలనము బంగారుసూదితో సమంత్రకముగా జరుగును. ఇది ఆ ప్రతిమ కాదు. అయినను శిల్పి కన్నులను చివరిదినమునకే ఉంచినాడు. ఉదయము స్నానము చేసి వచ్చి, మమ్ము వెలుపల కూర్చుండుమని, ఒంటరిగా చెక్కినాడు. మమ్ము పిలిచినపుడు ఆ ముఖము మారియున్నది. నిన్నటివరకు చెక్కపని, నేడు చూచుచున్న బాలుడు.

ఐతరేయబ్రాహ్మణము శిల్పములు ఆత్మసంస్కారములని చెప్పినది. చెక్కువాడు చెక్కను సంస్కరించుచున్నట్లు కనబడును. నిజమునకు సంస్కరింపబడుచున్నది అతని ఆత్మ. చేయించువాని ఆత్మయును కొంత సంస్కరింపబడును. ఆ గృహస్థుడు నాలుగునెలలు ఎదురుచూచినాడు. కొన్నచో ఒక్కదినమున వచ్చియుండెడిది. ఎదురుచూపులో అతనికి ఒక చెట్టు వయస్సు, ఒక మనుష్యుని పని, ఒక రూపముయొక్క కొలత తెలిసినవి.

శిల్పమును గోడపై నిలిపినదినమున అతడు ప్రాణప్రతిష్ఠ చేయుమని అడిగినాడు. చేయలేదు. దీపము వెలిగించి, పుష్పమొకటి ఉంచి, పూజామందిరములోని జానెడు మూర్తికే నైవేద్యము పెట్టుమని చెప్పితిని.

ఇంటికి వచ్చినపిదప ఒక పని చేసితిని. నేను ఇప్పుడు సేవించుచున్న ఆలయపు సామానుగదిలో రెండు పాతవాహనములు, విరిగిన రథఫలకములు అయిదు పడియున్నవి. వానిని ధర్మకర్తల అనుమతితో వెలుపలికి తీయించి, దుమ్ము తుడిపించి, ఒక్కొక్కదానికి ఛాయాచిత్రము తీయించి, కొలతలు వ్రాసి ఆలయపు ఆస్తిపట్టికలో చేర్పించితిని. పెద్దపని కాదు; ఒక దినపు పని. ముప్పదియేండ్ల క్రిందట చేయవలసియుండెను. మీ యూరి ఆలయమునను ఇట్టి గది ఒకటి ఉండును. ఒకసారి తలుపు తీయించి చూడుడు.

ఆ అయిదు ఫలకములలో ఒకదానిపై నరసింహస్వామి ఉన్నాడు. తుడుచునపుడు గమనించితిని, కొయ్య నారలన్నియు మొదలి నుండి కొసకే నిలువుగా సాగియున్నవి. ఎవరో పేరులేని శిల్పి ఆ చెట్టును నిలిచినట్లే నిలిపినాడు. ఏ వనము, ఏ వృక్షము అను ఋషిప్రశ్న ఆ చీకటిగదిలో నాకు మరల వినబడినది.

స్వస్తి.